టోల్ గేటు దగ్గర పోయిన గంటను రోడ్డు మీద రాబట్టుకోవద్దు

సంక్రాంతి దగ్గర పడింది. భోగికి నాలుగైదు రోజుల ముందు నుంచే హైదరాబాద్ ఊళ్ల దారి పడుతుంది. ఎల్బీనగర్ దాటాక హయత్‌నగర్, అబ్దుల్లాపూర్‌మెట్, చౌటుప్పల్ మీదుగా బారులు తీరిన కార్లు పంతంగి టోల్‌ప్లాజా దగ్గరకు వచ్చి ఆగిపోతాయి. మర్నాడు పత్రికల్లో ఆ ఫొటో వస్తుంది, టీవీల్లో డ్రోన్ దృశ్యాలు వస్తాయి. ఏటా చూసి చూసి అదీ పండగలో భాగమే అనుకునే స్థితికి వచ్చాం. అలా అనుకోవడం ప్రమాదకరం. గేటు దగ్గర గంటసేపు ఇరుక్కుని, చిరాకుపడి, ఆ గంటను తర్వాతి రెండొందల కిలోమీటర్లలో ఎలాగైనా రాబట్టుకోవాలని యాక్సిలరేటర్ తొక్కే మనిషి ఆ క్షణం నుంచి తన కుటుంబానికీ, ఎదుటి కుటుంబానికీ అపాయమే.

అందుకే ఇంకా సమయం ఉండగానే ఈ హెచ్చరిక. ఈ ప్రయాణంలో టోల్ కట్టడం చిన్న పని. దాన్ని ఇంటి దగ్గరే సిద్ధం చేసుకోనివాళ్లు గేటు దగ్గర సమయం పోగొట్టుకుంటారు, తమ వెనకాల ఉన్నవాళ్ల సమయమూ పోగొడతారు. ఆ పోయిన సమయమే తర్వాత వేగమవుతుంది. ఈ గొలుసును తెంపాలంటే మొదటి లంకె దగ్గరే తెంపాలి.

గేటు దగ్గర జరిగేది ఇదీ

పుణె నుంచి మచిలీపట్నం వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారిలో హైదరాబాద్–విజయవాడ మధ్య ఉన్న భాగాన్ని మనవాళ్లు ఇప్పటికీ 9వ నంబరు రోడ్డు అంటారు. ఈ భాగంలో మూడు టోల్‌ప్లాజాలున్నాయి: చౌటుప్పల్ దగ్గర పంతంగి, నకిరేకల్ దాటాక కొర్లపహాడ్, సరిహద్దు దాటి జగ్గయ్యపేట దగ్గర చిల్లకల్లు. విజయవాడతో ఆగనివాళ్లకు ఇంకా ఉన్నాయి. కోనసీమ వెళ్లే కారుకు పొట్టిపాడు, కలపర్రు, ఉంగుటూరు, ఈతకోట కూడా దారిలోనే వస్తాయి. గుంటూరు వైపు తిరిగితే కాజ వస్తుంది. అంటే చాలామందికి ఇది ఒక్క గేటు ముచ్చట కాదు, వరసగా నాలుగు నుంచి ఏడు గేట్ల ప్రయాణం.

ఫాస్టాగ్ సరిగ్గా ఉంటే గేటు దగ్గర కారు నిలిచేది కొద్ది సెకన్లే. పైనున్న యాంటెన్నా అద్దం మీది ట్యాగ్‌ను చదువుతుంది, కర్ర లేస్తుంది, కారు వెళ్లిపోతుంది. సరిగ్గా లేని కారు ఒక్కటి వచ్చిందంటే పరిస్థితి మారిపోతుంది. యంత్రం చదవదు. డ్రైవరు కొంచెం వెనక్కి తీసి మళ్లీ ముందుకు వస్తాడు, అయినా చదవదు. సిబ్బందిలో ఒకరు చేతి యంత్రం పట్టుకుని వచ్చి అద్దం దగ్గర పెడతారు. "బ్లాక్‌లిస్టు చూపిస్తోంది అన్నా. క్యాషా, ఫోన్‌పేనా?" అని అడుగుతారు. "నిన్ననే రీఛార్జి చేశానే" అని లోపల్నుంచి జవాబు. మెసేజ్ వెతకడానికి ఫోన్ తీస్తారు. సిగ్నల్ సరిగ్గా ఉండదు. వెనకాల హారన్లు మొదలవుతాయి. పక్క లేన్ కదులుతోందని వెనక కారు అటు తిప్పుతుంది, ఆ లేన్‌లో వస్తున్న బస్సు సడన్ బ్రేకు వేస్తుంది. ఈలోగా పిల్లల్ని మూత్రానికి తీసుకెళ్తూ ఒక తల్లి రెండు కార్ల మధ్యనుంచి దాటుతూ ఉంటుంది. ఒక్క ట్యాగ్ పని చేయకపోతే జరిగేది ఇంత. పండగ రద్దీలో ఇలాంటి కార్లు ఒక్కో లేన్‌లో ఎన్నో వస్తాయి. గేట్లన్నీ ఒకే వైపు తెరిచినా బారు తరగకపోవడానికి ఇదీ ఒక కారణమే.

ట్యాగ్ ఎందుకు మొండికేస్తుంది

చాలామంది బ్యాలెన్స్ ఉందో లేదో మాత్రమే చూసుకుంటారు. అది సరిపోదు. డబ్బున్నా ట్యాగ్ ఆగిపోవడానికి అనేక కారణాలున్నాయి. కేవైసీ పూర్తి కాకపోతే ఆగుతుంది. ఒక వాహనానికి ఒకే ట్యాగ్ అన్నది నిబంధన కాబట్టి రెండో బ్యాంకులో ఇంకో ట్యాగ్ తీసుకుంటే పాతది మూతపడుతుంది. ఆ పాతదే అద్దం మీద ఉంటే గేటు లేవదు. సెకండ్‌హ్యాండ్ కారు కొన్నవాళ్లలో చాలామంది పాత యజమాని పేరు మీదున్న ట్యాగ్‌తోనే తిరుగుతుంటారు. ఆయన దాన్ని మూసేసిన రోజున వీళ్లకు గేటు దగ్గరే తెలుస్తుంది. కొత్త కారుకు ఛాసిస్ నంబరు మీద ఇచ్చిన ట్యాగ్‌కు తర్వాత రిజిస్ట్రేషన్ నంబరు జత చేయకుండా వదిలేసినా చిక్కే.

వీటిలో బ్యాలెన్స్ తక్కువైన సమస్య ఒక్కటే రోడ్డు మీద తీరేది. కేవైసీ, నంబరు తేడా, మూతపడిన ట్యాగ్ వంటివి కారు బారులో ఉండగా ఫోన్‌లో సర్దుకునే పనులు కావు. వాటికి బ్యాంకు సమయం తీసుకుంటుంది, పత్రాలు అడుగుతుంది. పండగ సెలవుల్లో ఆ సమయం ఇంకా పెరుగుతుంది. కాబట్టి చూసుకోవలసింది ప్రయాణం రోజున కాదు, ఇవాళ.

రీఛార్జి విషయంలోనూ ఒక జాగ్రత్త ఉంది. చెల్లింపుల వ్యవస్థను నడిపే ఎన్‌పీసీఐ 2025 ఫిబ్రవరి 17 నుంచి ఒక నిబంధన అమల్లో పెట్టింది. యంత్రం ట్యాగ్‌ను చదివే సమయానికి గంటకు మించి అది బ్లాక్‌లిస్టులో ఉండి, చదివిన పది నిమిషాల తర్వాత కూడా అలాగే ఉంటే ఆ చెల్లింపు తిరస్కరణకు గురవుతుంది. దీనిమీద గగ్గోలు పుట్టడంతో జాతీయ రహదారుల ప్రాధికార సంస్థ వివరణ ఇచ్చింది. జాతీయ రహదారుల మీది ప్లాజాలకు ట్యాగ్ పరిస్థితి అప్పటికప్పుడు తెలిసే ఏర్పాటు ఉంది కాబట్టి గేటు చేరేలోపు ఎప్పుడు రీఛార్జి చేసినా చెల్లుతుందన్నది దాని సారాంశం. కొన్ని రాష్ట్ర రహదారుల ప్లాజాల్లో పాత ఏర్పాటే నడుస్తోందని కూడా అదే వివరణలో ఉంది. మనకు కావలసిన నీతి ఒక్కటే: గేటు కనిపించాక రీఛార్జి చేద్దామనే అలవాటు మానుకోవాలి. మధ్యలో బ్యాంకు సర్వర్ నిదానిస్తే, నెట్‌వర్క్ రాకపోతే ఏ వివరణా అక్కడ కర్ర ఎత్తదు.

ట్యాగ్ అతికించే చోటు కూడా ముఖ్యమే. ముందు అద్దానికి లోపలి వైపు, వెనక చూసే అద్దం వెనకాల, మధ్యన ఉండాలి. డ్యాష్‌బోర్డులో పడేసి, గేటు దగ్గర చేతిలో పట్టుకుని చూపించేవాళ్లు ఇంకా ఉన్నారు. అలా చేతిలో పట్టుకునే ట్యాగ్‌లను బ్లాక్‌లిస్టులో పెట్టాలని 2025 జులైలోనే జాతీయ రహదారుల ప్రాధికార సంస్థ ఆదేశించింది. రెండు కార్లకు ఒకే ట్యాగ్ మార్చి మార్చి వాడేవాళ్లు ఈ పండగలో గేటు దగ్గర ఇరుక్కోవడం ఖాయం.

నిర్లక్ష్యానికి ధర

2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి అయింది. లేనివాళ్ల దగ్గర రెట్టింపు వసూలు చేస్తూ వచ్చారు. 2025 నవంబరు 15 నుంచి నిబంధన కొంచెం మారింది. ట్యాగ్ లేకపోయినా, ఉన్నది పని చేయకపోయినా, నగదు ఇస్తే రెట్టింపు, యూపీఐతో కడితే ఒకటింపావు రెట్లు అని అప్పుడు నిర్ణయించారు. ఆ లెక్కన వంద రూపాయల టోల్‌కు ట్యాగ్‌తో వంద, ఫోన్‌తో నూట పాతిక, నోట్లతో రెండు వందలు. ఏడు గేట్లు దాటి వెళ్లి, మళ్లీ ఏడు గేట్లు దాటి వచ్చే కుటుంబానికి ఈ తేడా చిన్నదేమీ కాదు. టోల్ రేట్లు ఏటా ఏప్రిల్ 1న మారుతుంటాయి. కిందటేడు కట్టినంతే అనుకుని సరిగ్గా అంతే వేసుకోకండి. రానూపోనూ అయ్యే టోల్ లెక్కవేసి, దారి మళ్లింపులకు మరికొంత కలిపి ముందే వేసుకోండి.

వార్షిక పాస్ ఉన్నవాళ్లు పడే చిక్కు

2025 ఆగస్టు 15న సొంత కార్లు, జీపులు, వ్యాన్ల కోసం ఫాస్టాగ్ వార్షిక పాస్ మొదలైంది. మొదలైనప్పుడు దాని ధర 3,000 రూపాయలు. ఏడాది లేదా 200 ట్రిప్పులు, ఏది ముందైతే అది. ఒక ప్లాజా దాటితే ఒక ట్రిప్పు. హైదరాబాద్ నుంచి విజయవాడకు వెళ్తే మూడు, తిరిగి వస్తే మరో మూడు. తరచూ తిరిగేవాళ్లకు ఇది నిజంగా లాభమే.

కానీ ఈ పాస్ జాతీయ రహదారులు, జాతీయ ఎక్స్‌ప్రెస్‌వేల మీది ప్లాజాల్లోనే చెల్లుతుంది. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద చెల్లదు. రాష్ట్ర ప్రభుత్వాల రహదారుల టోళ్లలో చెల్లదు. అక్కడ అదే ట్యాగ్ మామూలు ట్యాగ్‌లా పనిచేసి వాలెట్‌లోని డబ్బే కోస్తుంది. చిక్కు ఇక్కడే ఉంది. పాస్ ఉంది కదా అని చాలామంది వాలెట్‌ను ఖాళీగా వదిలేస్తారు. ఇల్లు గచ్చిబౌలి వైపో, మియాపూర్ వైపో ఉంటే 65వ నంబరు రోడ్డు ఎక్కేముందే ఔటర్ ఎక్కుతారు. దిగే చోట వాలెట్ సున్నా. రద్దీ వల్ల పోలీసులు దారి మళ్లిస్తే నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డులోకి తిరుగుతారు, మాడుగులపల్లి టోల్ వస్తుంది. మూడు వేల పాస్ ఉన్న కారు అక్కడ వంద రూపాయలు లేక ఆగిపోతుంది. పాస్ ఉన్నా సరే, వాలెట్‌లో వెయ్యి రూపాయలైనా ఉంచుకుని కదలండి. పాస్‌లో ఎన్ని ట్రిప్పులు మిగిలాయో, గడువు ఎప్పుడు ముగుస్తుందో కూడా చూసుకోండి.

దొంగ లింకులు, పాత వదంతులు

తొందరలో ఉన్నవాడిని మోసం చేయడం తేలిక. "మీ ఫాస్టాగ్ ఈ రాత్రితో నిలిచిపోతుంది, కేవైసీ కోసం ఈ లింకు నొక్కండి" అని వచ్చే మెసేజ్‌లు పండగ రోజుల్లో చాలామందికి నిజమనే అనిపిస్తాయి, ఎందుకంటే ఆ భయం అప్పటికే మనసులో ఉంటుంది. వార్షిక పాస్ అమ్ముతామంటూ అచ్చం అసలు వెబ్‌సైట్‌లాగే కనిపించే నకిలీవి తిరుగుతున్నాయి. గూగుల్‌లో వెతికితే పైన కనిపించిన కస్టమర్ కేర్ నంబరుకు ఫోన్ చేసి, వాళ్లు చెప్పిన యాప్ వేసుకుని, ఖాతా మొత్తం పోగొట్టుకునే ప్రమాదం ఉంది. ట్యాగ్ ఇచ్చిన బ్యాంకు సొంత యాప్‌లో, లేదా ప్రభుత్వం నడిపే రాజ్‌మార్గ్‌యాత్ర యాప్‌లో తప్ప ఇంకెక్కడా డబ్బు కట్టకండి. వార్షిక పాస్ కొనవలసింది ఆ యాప్‌లోనో, జాతీయ రహదారుల ప్రాధికార సంస్థ అధికారిక వెబ్‌సైట్‌లోనో మాత్రమే. ఓటీపీ ఎవరికీ చెప్పవద్దు. మోసపోయామని తెలిసిన మరుక్షణం సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

రెండో బెడద వదంతులు. "బారు వంద మీటర్లు దాటితే టోల్ కట్టక్కర్లేదు, వీడియో తీసి అడగండి" అన్న సందేశం ప్రతి పండగకూ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది. 2021లో అలాంటి మార్గదర్శకం వచ్చిన మాట నిజం. 2024లో దాన్ని వెనక్కి తీసుకున్నారన్న సంగతి ఆ సందేశంలో ఉండదు. దాన్ని నమ్మి గేటు దగ్గర వాదనకు దిగేవాళ్ల వల్ల ఆ బారు ఇంకో వంద మీటర్లు పెరుగుతుంది. పండగకు టోల్ మాఫీ చేశారన్న మాట కూడా అంతే. ప్రభుత్వ ఉత్తర్వు వెలువడిందని పత్రికల్లో చదివేదాకా నమ్మకండి.

నిజంగా మనకున్న హక్కులు వేరే ఉన్నాయి, అవి తెలుసుకోవాలి. ట్యాగ్ సరిగ్గా ఉండి, సరిపడా డబ్బుండి, ప్లాజాలోని యంత్రమే పని చేయకపోతే ఆ వాహనాన్ని డబ్బు తీసుకోకుండా పంపాలని 2018లోనే నిబంధన వచ్చింది. సున్నా రసీదు కూడా ఇవ్వాలి. ఒకే గేటుకు రెండుసార్లు డబ్బు కోసినా, ఇంటి ముందున్న కారుకు టోల్ కోసినట్టు మెసేజ్ వచ్చినా జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ 1033కు ఫిర్యాదు చేయవచ్చు. తప్పుగా కోసినట్టు తేలితే వసూలుదారుకు ఒక్కో తప్పుకు లక్ష రూపాయలో, అంతకు మించో జరిమానా వేసే ఏర్పాటు ఉంది. అయితే ఈ ఫిర్యాదులన్నీ గేటు దాటి, కారు క్షేమంగా పక్కకు ఆపుకుని చేయవలసినవి. ఫోన్‌లో మెసేజ్ ఉంటే చాలు, సాక్ష్యం ఎక్కడికీ పోదు. లేన్ మధ్యలో నిలబడి తేల్చుకునేది ఏమీ లేదు.

ఎప్పుడు కదలాలి, ఏ దారిన వెళ్లాలి

ట్యాగ్ ఎంత బాగున్నా అందరూ ఒకే పూట బయల్దేరితే బారు తప్పదు. ఆఫీసులు, బడులు సెలవు ఇచ్చిన సాయంత్రం, ఆ మర్నాడు తెల్లవారుజాము, ఈ రెండు వేళలే ఎక్కువమంది ఎంచుకుంటారు. వీలైనవాళ్లు ఒక రోజు ముందో, మధ్యాహ్నం వేళో కదలాలి. ఇంటినుంచి పని చేసే వీలున్న ఉద్యోగులకు ఆ వారం అనుమతి ఇస్తే కంపెనీలు పెద్ద ఉపకారం చేసినట్టే.

తెల్లవారుజాము ప్రయాణం చల్లగా, హాయిగా ఉంటుందని చాలామంది నమ్మకం. జనవరిలో ఆ నమ్మకం పనికిరాదు. చౌటుప్పల్ నుంచి కోదాడ దాకా పొలాలు, చెరువుల పక్కన మంచు దట్టంగా దిగే రోజులుంటాయి. ఆగి ఉన్న లారీ వెనక భాగం దగ్గరకు వచ్చేదాకా కనిపించదు. దానికి తోడు అది నిద్ర ముంచుకొచ్చే వేళ. మంచు పడితే హైబీమ్ వేసుకుని దూసుకెళ్లకండి. ఆ వెలుగు మంచు మీద పడి మన కళ్లలోకే తిరిగి వస్తుంది. లోబీమ్ వేసి, వేగం తగ్గించి నడపండి. అసలు కనిపించకపోతే పెట్రోలు బంకులోనో, ధాబా ఆవరణలోనో ఆగండి. రోడ్డు అంచున మాత్రం ఆపవద్దు.

దారుల విషయంలో అందరికీ ఒకే సలహా కుదరదు. గుంటూరు, పల్నాడు, ఒంగోలు, నెల్లూరు వైపు వెళ్లేవాళ్లకు నార్కట్‌పల్లి దగ్గర కుడికి తిరిగి నల్గొండ, మిర్యాలగూడ, పిడుగురాళ్ల, అద్దంకి మీదుగా వెళ్లే దారి ఉంది. మాచర్ల వైపు వాళ్లకు నాగార్జునసాగర్ రోడ్డు ఉంది. గోదావరి జిల్లాల్లో చాలా ఊళ్లకు సూర్యాపేట నుంచి ఖమ్మం మీదుగా వెళ్లవచ్చు. వీళ్లంతా విజయవాడ దాకా ఒకే దారిన వెళ్లాల్సిన అవసరం లేదు. బయల్దేరే ముందు పోలీసుల ప్రకటన చూడండి, మళ్లింపు ఉంటే గౌరవించండి. మ్యాప్ చూపించిందని తెలియని పల్లె దారుల్లోకి రాత్రిపూట పోవద్దు. ఆ దారుల్లో పశువులు, వెనక లైటు లేని ట్రాక్టర్లు, డివైడర్ లేని మలుపులు ఉంటాయి.

బైకుల మీద భార్యాపిల్లలతో, సంచులతో రెండొందల డెబ్బై కిలోమీటర్లు బయల్దేరేవాళ్లు ప్రతి ఏటా కనిపిస్తారు. బైకుకు టోల్ లేదన్న ఆదా చూసుకుని ఈ సాహసం చేయవద్దు. బస్సు దొరకకపోతే ఒక రోజు ఆగండి.

గేటు దాటాక

ఇక అసలు మాట. పంతంగి దగ్గర గంట పోయిందనుకుందాం. అక్కణ్నుంచి విజయవాడ సుమారు 220 కిలోమీటర్లు. గంటకు 80 వేగంతో వెళ్తే రెండుముప్పావు గంటలు పడుతుంది. దారంతా నూరు మీద వెళ్లగలిగినా కలిసొచ్చేది అరగంట. పోయిన గంట మొత్తం రావాలంటే దారి పొడుగునా 120 దాటి వెళ్లాలి. ఇంకా రెండు గేట్లు, ఊళ్ల దగ్గర కూడళ్లు, వంతెనల పనుల దగ్గర మళ్లింపులు ఉన్న పండగ రోడ్డు మీద అది కుదిరే పని కాదు. అంటే ఎంత తొక్కినా ఆ గంట తిరిగి రాదు. కానీ వేగం 80 నుంచి 120కి పెరిగితే బ్రేకు వేశాక కారు ఆగడానికి పట్టే దూరం రెండింతలకు పైగా పెరుగుతుంది. రానిదాని కోసం ఉన్నదంతా పణంగా పెట్టడం ఇదే.

ఈ దారి ఎవరినీ మినహాయించలేదు. తెలుగుదేశం నాయకుడు లాల్‌జాన్ బాషా 2013 ఆగస్టు 15న నార్కట్‌పల్లి దగ్గర కారు ప్రమాదంలో కన్నుమూశారు. 2014 డిసెంబరు 6న నందమూరి జానకిరామ్ మునగాల మండలం ఆకుపాముల దగ్గర, తప్పు దారిలో వచ్చిన ట్రాక్టరును ఢీకొని చనిపోయారు. నాలుగేళ్ల తర్వాత, 2018 ఆగస్టు 29న ఆయన తండ్రి హరికృష్ణ స్వయంగా కారు నడుపుతూ నల్గొండ దగ్గర అన్నెపర్తి వద్ద మరణించారు. ఆయన సీటు బెల్టు పెట్టుకోలేదు. ఆ ప్రమాదం జరిగింది ఇందాక చెప్పుకున్న అద్దంకి దారిలోనే. 2025 జులైలో చౌటుప్పల్ మండలం ఖైతాపురం దగ్గర తెల్లవారుజామున జరిగిన ప్రమాదంలో ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖకు చెందిన ఇద్దరు డీఎస్పీలు పోయారు. ఇవి పేర్లు తెలిసిన మరణాలు. పత్రికలో రెండు వాక్యాలతో ముగిసిపోయిన ఇళ్లు ఈ రోడ్డు వెంట ఇంకెన్నో ఉన్నాయి.

ఇందులో ఏ ప్రమాదానికీ టోల్ బారు కారణమని మేం చెప్పడం లేదు. కొత్త కారు, అనుభవం, హోదా ఇవేవీ ఈ రోడ్డు మీద కాపాడవని చెబుతున్నాం. కాపాడేవి వేరే. వెనక సీటులో కూర్చున్నవాళ్లు కూడా బెల్టు పెట్టుకోవాలి. పిల్లల్ని ముందు సీటులో ఒళ్లో కూర్చోబెట్టుకోకూడదు. ప్రతి రెండు గంటలకోసారి కారు దిగి పది నిమిషాలు నడవాలి. రాత్రంతా సామాన్లు సర్ది, నిద్ర లేకుండా స్టీరింగ్ పట్టకూడదు. గేటు దాటగానే అందరూ ఒక్కసారిగా వేగం పెంచి, పది లేన్ల నుంచి రెండు లేన్లలోకి దూరాలని చూస్తారు. ఆ కొద్ది దూరం ఎవరికి వాళ్లు ఒక్క కారును ముందుకు పోనివ్వాలి. ప్లాజా చివరి లేన్ అంబులెన్సులకు కేటాయించింది. ఖాళీగా కనిపించిందని అందులోకి దూరకండి, ఆ ఖాళీ ఎవరి ఊపిరి కోసమో ఉంచింది.

అధికారులు చేయవలసింది

బాధ్యత అంతా ప్రయాణికుల మీదే వేసి తప్పుకోవడానికి వీల్లేదు. డబ్బు తీసుకుంటున్న రోడ్డుకు జవాబుదారీ ఉండాలి. పండగ వారంలో రద్దీ వైపు ఎక్కువ గేట్లు తెరవడం ఒక్కటే చాలదు. బారు మధ్యలోకే చేతి యంత్రాలతో సిబ్బంది వెళ్లి, పని చేయని ట్యాగ్‌లను గేటుకు చాలా ముందే గుర్తించి, వాటిని ఒక పక్క లేన్‌లోకి మళ్లించాలి. ఒక్క కారు కోసం లేన్ మొత్తం ఆగకూడదు. బారు తోక ఎక్కడుందో వెనకాల వచ్చేవాళ్లకు రెండు కిలోమీటర్ల ముందే వెలుగుతున్న బోర్డుతో చెప్పాలి, వెనకనుంచి గుద్దే ప్రమాదాలను అదే ఆపుతుంది. పనులు జరిగే చోట ఎర్ర లైట్లు, మెరిసే పట్టీలు రాత్రంతా ఉండాలి. క్రేన్లు, అంబులెన్సులు ప్లాజాల దగ్గర కాక ప్రమాదాలు ఎక్కువ జరిగే కూడళ్ల దగ్గర నిలపాలి. రోడ్డు అంచున లారీలు ఆపితే వెంటనే తీయించాలి. మరుగుదొడ్లు శుభ్రంగా, వెలుతురుగా ఉంచితే పిల్లల్ని పట్టుకుని కార్ల మధ్య తిరిగే అవసరం చాలామందికి తప్పుతుంది. ప్రైవేటు బస్సులకు ఇద్దరు డ్రైవర్లు ఉన్నారో లేదో బయల్దేరే చోటే తనిఖీ చేయాలి.

ఇవాళ రాత్రే

ఈ సంపాదకీయం చదివి పక్కన పెట్టేముందు ఫోన్ తీయండి. ట్యాగ్ పని చేస్తోందా, బ్లాక్‌లిస్టులో ఉందా చూడండి. కేవైసీ పూర్తయిందో, కారు నంబరు సరిగ్గా ఉందో చూడండి. పోయి వచ్చే గేట్లన్నిటికీ సరిపడా డబ్బు వేయండి. 1033, 112, 108 నంబర్లు ఇంట్లో అందరి ఫోన్లలో పెట్టండి. ఊళ్లో ఎదురుచూసే అమ్మానాన్నలకు ఇప్పుడే ఫోన్ చేసి, చేరే సమయానికి మూడు గంటలు అటూ ఇటూ అవుతుందని చెప్పండి. "ఎక్కడున్నారు, ఇంకా ఎంతసేపు" అని అరగంటకోసారి ఫోన్ చేయవద్దని కూడా చెప్పండి. ఆ ఫోనే చాలాసార్లు కాలును యాక్సిలరేటర్ మీద నొక్కిస్తుంది.

చివరగా, నడిపేవాళ్లకు కాదు, పక్క సీటులో, వెనక సీటులో కూర్చునేవాళ్లకు ఒక మాట. గేటు దాటాక వేగం పెరుగుతుంటే మొహమాటపడవద్దు. నాన్న నడుపుతున్నా, బావగారు నడుపుతున్నా, కిరాయికి వచ్చిన డ్రైవరే నడుపుతున్నా తగ్గించమని గట్టిగా చెప్పండి. ఒకసారి చెబితే వినకపోతే మళ్లీ చెప్పండి. అప్పటికీ వినకపోతే టీ తాగుదామని బండి ఆపించండి. ఆ కారులో ఉన్న ప్రతి ఒక్కరికీ ఆ హక్కు ఉంది. ఈ పండగకు దాన్ని వాడుకోండి.